పంపింగ్ 35, 47, 39: ఈ మూడింటిలో దేన్ని నమ్మాలి?

ప్రశ్న: తెనాలి ఆడపడుచు

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 63 ఏళ్లు. హైస్కూల్లో లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు, అమ్మతో కలిసి తెనాలిలోనే ఉంటున్నారు. నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను. ఈ ఏడు సంక్రాంతి వెళ్లిన వారానికి, తెల్లవారుజామున ఆయనకు గుండెపోటు వచ్చింది. ఊళ్లో ఈసీజీ తీసి వెంటనే గుంటూరు తీసుకెళ్లమన్నారు. అక్కడ యాంజియోగ్రామ్ చేసి, గుండె ముందు భాగానికి రక్తం అందించే ఎల్.ఏ.డి. అనే నాళం పూర్తిగా మూసుకుపోయిందని చెప్పి స్టెంట్ వేశారు. మర్నాడు మంచం దగ్గరే ఎకో (గుండె అల్ట్రాసౌండ్ స్కాన్) తీసి, పంపింగ్ 35 శాతం ఉందన్నారు. "పదో తరగతిలో 35 వస్తే పాసే కదమ్మా" అని నాన్నగారు మమ్మల్ని నవ్వించబోయారు గాని, చూడవచ్చిన బంధువులు మాత్రం గుండె మూడో వంతే పనిచేస్తోందట అని గుమ్మం బయట చెప్పుకోవడం ఆయన చెవిన పడింది. ఆ రోజు నుంచి ఆయన మేడ మెట్లు ఎక్కడం లేదు, కూరగాయల సంచీ కూడా మోయడం లేదు.

ఆరు వారాల తరవాత ఊళ్లోనే ఒక డయాగ్నొస్టిక్ సెంటర్లో ఎకో తీయిస్తే 47 శాతం వచ్చింది. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నాం. మూడు నెలలు నిండాక మళ్లీ గుంటూరు రివ్యూకి వెళ్తే అక్కడ 39 అన్నారు. పెరిగినది మళ్లీ తగ్గిందా అని అడిగితే, బయట ఇంకా నలభై మంది ఉండడం వల్ల కాబోలు, పర్వాలేదు, మందులు వాడండి అన్న ఒక్క మాటతో పంపించేశారు. రెండో రిపోర్టులో ఎం మోడ్ అని రాసి, ఎడమ జఠరిక కొలతలు 5.8, 4.4 సెంటీమీటర్లుగా ఇచ్చారు. మూడో రిపోర్టులో సింప్సన్స్ పద్ధతి అని, 150, 92 మిల్లీలీటర్లు అని ఉంది. గుండె ముందు గోడ, కొన భాగం సరిగా కదలడం లేదని రెండింటిలోనూ రాశారు. ఆయనకు ఇప్పుడు ఆయాసం లేదు, కాళ్ల వాపులు లేవు.

ఇంతకీ ఈ శాతం దేనిలో శాతం? ఆరు వారాల్లో 12 పెరిగి, ఆ తరవాత మరో ఆరు వారాల్లో 8 తగ్గడం నిజంగా జరుగుతుందా? మరొకటి కూడా అడగాలి. మా మేనత్తకు 70 ఏళ్లు, బీపీ, షుగరు రెండూ ఉన్నాయి. ఆవిడ పంపింగ్ 65 శాతం, గుండె బ్రహ్మాండంగా ఉందన్నారు. కానీ వీధి చివర గుడి దాకా నడిస్తే ఆవిడకే ఆయాసం వస్తోంది, సాయంత్రానికి పాదాలు పొంగుతున్నాయి. 39 ఉన్న మనిషి హాయిగా తిరుగుతూ, 65 ఉన్న మనిషి రొప్పడం ఏమిటో ఎవరైనా వివరించగలరా?


సమాధానం: ఎకో గది

అమ్మా, నేను డాక్టరును కాను. పంతొమ్మిదేళ్లుగా ఎకో తీసే టెక్నీషియనుగా పనిచేస్తున్నాను కాబట్టి, ఆ అంకె ఎలా పుడుతుందో మాత్రం చెప్పగలను. మందుల సంగతి డాక్టర్లు చెబుతారు.

మొదట, దేనిలో శాతం అన్న ప్రశ్న. ఎడమ జఠరిక పూర్తిగా నిండినప్పుడు అందులో ఉన్న రక్తంలో, ఒక్క స్పందనతో ఎంత భాగం బయటికి వెళ్లిందన్నదే ఎజెక్షన్ ఫ్రాక్షన్. మనవాళ్లు పంపింగ్ అనేది దీన్నే. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల జఠరిక నిండినప్పుడు సుమారు 120 మిల్లీలీటర్లు పడుతుందనుకోండి, అది ముడుచుకున్నాక ఇంకా 50 లోపలే ఉండిపోతుంది. బయటికి వెళ్లింది 70. అంటే 58 శాతం. గుండె లోపల ఉన్నదంతా ఏ స్పందనలోనూ బయటికి పోదు, పోకూడదు కూడా. అందుచేత ఈ పరీక్షకు నూటికి నూరు అన్నదే లేదు. మగవాళ్లలో 52 నుంచి 72 దాకా, ఆడవాళ్లలో 54 నుంచి 74 దాకా మామూలు కిందే లెక్క. మీ నాన్నగారి 39ని నూటితో పోల్చి మూడో వంతు, సగం అని అనుకోవడం పొరపాటు, పోల్చవలసింది 60తో. తక్కువే, కాదనను. కానీ బంధువులు గుమ్మం బయట చెప్పుకున్నంత తక్కువ కాదు.

ఇక మూడు అంకెల కథ. మీరు రిపోర్టుల్లో కొలతలు కూడా చూసి రాశారు కాబట్టి నా పని సులువయింది. చాలామంది ఆఖరి పేజీలో బోల్డు అక్షరాల్లో ఉన్న అంకె తప్ప మరేదీ చూడరు.

మొదటి 35, మంచం దగ్గర తీసింది. ఐ.సి.సి.యూ.లో స్టెంట్ వేసిన మర్నాడు పేషెంటును సరిగా ఎడమ పక్కకు తిప్పడం కుదరదు, బొమ్మ అంతంతమాత్రంగా వస్తుంది. అలాంటప్పుడు అనుభవమున్న డాక్టరు గుండె కదలికను కాసేపు చూసి కంటి అంచనాతో అంకె చెబుతారు. అది తప్పుడు పద్ధతి కాదు, చేయి తిరిగినవాళ్ల కన్ను చాలాసార్లు మిషనుకు దగ్గరగానే చెబుతుంది. అయితే కంటి అంచనా ఎప్పుడూ అయిదేసి మెట్లలో నడుస్తుంది: 30, 35, 40. కళ్లతో చూసి 37 అని చెప్పినవాళ్లను నేనింతవరకు చూడలేదు. కాబట్టి ఆ 35ని, 30కీ 40కీ మధ్య ఎక్కడో ఉందని చదువుకోవాలి.

రెండో 47 ఎం మోడ్ పద్ధతిలో వచ్చింది. ఇందులో జఠరిక పై భాగంలో, మిట్రల్ కవాటం అంచులకు కాస్త దిగువన, ఒకే ఒక్క గీత వెంబడి అడ్డుకొలత తీసుకుంటాము. నిండినప్పుడు 5.8, ముడుచుకున్నప్పుడు 4.4 సెంటీమీటర్లు. ఆ రెండు కొలతలనూ ఒక సూత్రంలో వేస్తే మిషను ఘనపరిమాణం కట్టి ఇస్తుంది. సూత్రం ఇది: 7ని, కొలతకు 2.4 కలిపిన మొత్తంతో భాగించి, వచ్చినదాన్ని కొలత ఘనంతో హెచ్చవేయాలి. మీ నాన్నగారు లెక్కల మాస్టారు అన్నారు కదా, ఆయన్నే చెయ్యమనండి: మొదటిది సుమారు 167 మిల్లీలీటర్లు, రెండోది సుమారు 88 వస్తాయి, ఫ్రాక్షన్ 47 శాతం తేలుతుంది. లెక్క సరైనదే. కానీ ఆ లెక్క నిలబడాలంటే జఠరిక గోడలన్నీ ఒకే తీరుగా ముడుచుకుంటూ ఉండాలి. మీ నాన్నగారి విషయంలో దెబ్బ తిన్నది ముందు గోడ, కొన. గీత పోయిన చోటు పై భాగం, అక్కడ కండరం చక్కగా పనిచేస్తోంది. బాగున్న చోట కొలిచి, గుండె అంతా అలాగే ఉందని మిషను అనుకుంది. పొలంలో కాలువ పక్కన పైరు చూసి ఎకరం మొత్తానికీ దిగుబడి లెక్క కట్టినట్టన్నమాట. ఎల్.ఏ.డి. గుండెపోటు తరవాత ఈ పద్ధతి ఉన్నదానికంటే ఎక్కువ చూపించడం మేము రోజూ చూసేదే.

పైగా కొలతలో వెంట్రుకవాసి తేడా వచ్చినా ఫలితం బాగా మారిపోతుంది. అదే 4.4 బదులు గీత కొంచెం ఏటవాలుగా పడి 4.6 వచ్చిందనుకోండి, అంటే కేవలం 2 మిల్లీమీటర్లు, 47 కాస్తా 42 అయిపోతుంది. కొలతను ఘనం చేస్తున్నాం కదా మరి.

మూడో 39 సింప్సన్స్ పద్ధతిది. పేషెంటును ఎడమ పక్కకు తిప్పి, ఎడమ చెయ్యి తల కిందికి పెట్టించి, జెల్ రాసి, రొమ్ము కిందుగా పక్కటెముకల సందులో ప్రోబు ఆనించి, కొన నుంచి గుండెను చూస్తాము. ఊపిరి వదిలి ఒక్క క్షణం ఆపమంటే ఊపిరితిత్తి అడ్డు తొలగి బొమ్మ తేటపడుతుంది. అప్పుడు బొమ్మను ఆపి, జఠరిక బాగా నిండిన ఫ్రేము ఒకటి, బాగా ముడుచుకున్న ఫ్రేము ఒకటి ఎంచుకుని, లోపలి అంచు వెంబడి ట్రాక్‌బాలుతో గీత గీస్తాము. మరో కోణంలోనూ అదే పని చేస్తాము. మిషను ఆ ఆకారాన్ని అడ్డంగా ఇరవై బిళ్లలుగా కోసి, ఒక్కో బిళ్ల ఘనపరిమాణం కట్టి కూడుతుంది. కొన ఎంత కదులుతుందో, ఎంత కదలడం లేదో అన్నీ లెక్కలోకి వస్తాయి. 150లో 92 మిగిలాయి అంటే 58 బయటికి వెళ్లాయి, 39 శాతం. మీ చేతిలో ఉన్న మూడింటిలో నేను దీన్నే నమ్ముతాను.

కాబట్టి పెరిగి తగ్గింది నాన్నగారి గుండె కాదు, కొలత మాత్రమే. ఒకే మనిషికి, ఒకే రోజు, ఇద్దరం తీసినా మా అంకెల మధ్య అయిదు నుంచి పది దాకా తేడా రావడం అరుదేమీ కాదు. 35 నుంచి 39 కొద్దిపాటి మెరుగుదలా, అసలు మార్పే లేదా అన్నది ఈ రెండు రిపోర్టులతో తేలదు. వచ్చేసారి అదే చోట, అదే పద్ధతిలో తీయించండి, పాత బొమ్మల సీడీ వెంట తీసుకెళ్లండి. రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూస్తే, అంకెలు దాచేసేవి కూడా కనిపిస్తాయి.


సమాధానం: నల్లగొండ గృహిణి

పై సమాధానం చదివాక నేను చెప్పవలసింది ఒకటుందనిపించింది. నేను చదువుకున్నది ఇంటర్ దాకానే గాని, ఈ అంకెతో ఆరేళ్లుగా కాపురం చేస్తున్నాను.

మావారు ప్రైవేటు బస్సు డ్రైవరు. ఆయనకు నాళాల్లో అడ్డంకులేమీ లేవు. గుండె కండరమే సాగి బలహీనపడిందన్నారు. మొదటిసారి ఎకోలో 25 వచ్చింది. అప్పటికి ఆయన రాత్రిళ్లు పడుకోలేక, మంచం అంచున కూర్చుని, మోకాళ్ల మీద మోచేతులు ఆనించుకుని తెల్లవార్లూ ఊపిరి కోసం పెనుగులాడేవారు. మందులు మొదలుపెట్టాక, డాక్టరుగారు డోసు రెండు వారాలకొకసారి కొద్దికొద్దిగా పెంచుతూ పోయారు. ఏడాది దాటాక 50 వచ్చింది. స్వీట్లు పంచాం.

అక్కడే పొరపాటు చేశాం. మాకు బాగా తెలిసిన ఒకాయన, మందుల వ్యాపారంలో ఉన్నవాడు, పంపింగ్ నార్మల్‌కి వచ్చాక ఇన్ని బిళ్లలెందుకు, కిడ్నీలు పాడవుతాయి అన్నాడు. బీపీ 100 దగ్గర ఉండి తల తిరుగుతోందని మావారికీ విసుగ్గానే ఉంది. నెలకు మూడు వేల ఖర్చు తప్పుతుంది కదా అని నేనూ నోరు మూసుకున్నాను. ఆ తప్పులో నాకూ భాగం ఉంది. నాలుగో నెలలో ఒక రాత్రి మళ్లీ ఆయన మంచం అంచున కూర్చున్నారు. నాకు లైటు వెయ్యకుండానే అర్థమయింది. ఆస్పత్రిలో తీస్తే 30. ఇప్పుడు రెండేళ్లుగా మందులు ఒక్క పూట మానలేదు, 42 దగ్గర నిలిచింది; మళ్లీ 50 మాత్రం రాలేదు.

మీ నాన్నగారు మెట్లెక్కడం మానేశారన్న మాట చదివి బాధ కలిగింది. మావారు 30 ఉన్న రోజుల్లోనే, నీరంతా దిగాక, రోజూ అరగంట నడిచేవారు, డాక్టరు నడవమన్నారు కాబట్టి. మొదట్లో 25తో మంచం దిగలేని మనిషి, తరవాత 30తో సంతకు వెళ్లి వచ్చేవారు. ఆ రెండు అంకెల మధ్య తేడా ఎంత? అయిదు. మనిషిలో తేడా మాత్రం భూమికీ ఆకాశానికీ ఉంది.

మా ఇంట్లో ఎకో రిపోర్టుకంటే పాల లెక్క రాసే క్యాలెండరుకే విలువ ఎక్కువ. పొద్దున్నే దొడ్డికి వెళ్లివచ్చాక, కాఫీ తాగకముందు, అదే లుంగీతో అదే మిషను మీద బరువు చూసి, ఆ రోజు గడిలో పాల లీటర్ల పక్కనే రాస్తాను. ఒక్క రోజులో కిలో గాని, వారంలో రెండు కిలోలు గాని పెరిగితే అది కండ కాదు, నీరు. వెంటనే ఫోన్ చెయ్యమని చెప్పారు, చేస్తాను. అలా రెండుసార్లు ఆస్పత్రిలో చేరకుండానే గట్టెక్కాం. ఆవకాయ మాత్రం మానిపించలేకపోయాను. ముద్దలో నంజుకునేంత ముక్క ఒక్కటి, అదీ ఆదివారం. అప్పడాలు, వడియాలు పూర్తిగా బంద్.

ఇంకొక్కటి. మంచిదని రోజూ రెండు కొబ్బరిబోండాలు తాగించేదాన్ని. ఒకసారి రక్తపరీక్షలో పొటాషియం బాగా పెరిగి 5.9 వచ్చింది, డాక్టరుగారు నన్ను గట్టిగానే కోప్పడ్డారు. ఆయన వాడే మందుల్లో ఒకటి ఒంట్లో పొటాషియం నిలిపి ఉంచుతుందట, కొబ్బరినీళ్లలో అదే దండిగా ఉంటుందట. మీ నాన్నగారి చీటీలో అలాంటి మందు ఉందేమో అడగండి.


సమాధానం: గోదావరి గట్టు డాక్టరు

నేను రాజమహేంద్రవరంలో జనరల్ ఫిజీషియనుగా ప్రాక్టీసు చేస్తున్నాను. పేషెంటును చూడకుండా చికిత్స చెప్పడం ధర్మం కాదు కాబట్టి, ఇప్పటివరకు ఎవరూ ముట్టని రెండు మూడు సంగతులే రాస్తాను.

మొదట మేనత్తగారి సంగతి, ఎందుకంటే అసలు అశ్రద్ధ జరుగుతున్నది అక్కడే అనిపిస్తోంది. ఎజెక్షన్ ఫ్రాక్షన్ అనేది నిష్పత్తి మాత్రమే; ఎంత రక్తం వెళ్లిందో అది చెప్పదు. సాగి పెద్దదైన ఒక గుండెలో 200 మిల్లీలీటర్లు పడుతుందనుకోండి, అది 35 శాతం మాత్రమే తోసినా 70 మిల్లీలీటర్లు బయటికి వెళ్తాయి. ఏళ్ల తరబడి బీపీతో గోడలు మందమై, లోపలి గది ఇరుకై, బిగుసుకుపోయిన మరో గుండెలో 80 మాత్రమే పడుతుందనుకోండి, అది 65 శాతం తోసినా వెళ్లేది 52 మాత్రమే. రిపోర్టులో మొదటిది భయపెడుతుంది, రెండోది బ్రహ్మాండంగా కనిపిస్తుంది. పైగా బిగుసుకుపోయిన గుండె సులువుగా సడలదు కాబట్టి, దాన్ని నింపడానికి వెనకాల ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడి ఊపిరితిత్తుల దాకా పోయి, నడిచినప్పుడు ఆయాసంగా బయటపడుతుంది. ముడుచుకోవడం ఎంత పనో, సడలడం కూడా గుండెకు అంతే పని.

ఫ్రాక్షన్ 50 గాని అంతకుమించి గాని ఉండి హార్ట్ ఫెయిల్యూర్ (గుండె ఒంటి అవసరానికి తగినట్టు పనిచేయలేకపోవడం) వచ్చేవాళ్లు తక్కువేమీ కాదు, మొత్తం కేసుల్లో సుమారు సగం దాకా ఉంటారు. వయసు మళ్లిన ఆడవాళ్లు, బీపీ, షుగరు, ఊబకాయం ఉన్నవాళ్లు ఇందులో ఎక్కువ. మేనత్తగారి ఎకో రిపోర్టులో డయాస్టాలిక్ డిస్‌ఫంక్షన్ (గుండె సరిగా సడలకపోవడం) అన్న మాట ఉందా, ఎడమ కర్ణిక పెద్దదైందని రాశారా అన్నది చూడండి. ఎన్.టి. ప్రో బి.ఎన్.పి. అనే రక్తపరీక్ష చేయిస్తే అనుమానం చాలావరకు తీరుతుంది. అయితే ఆయాసం, పాదాల వాపు అన్నవి గుండెవల్లే రానక్కరలేదు: రక్తహీనత, థైరాయిడ్, మూత్రపిండాలు, ఊపిరితిత్తులు, చివరికి బీపీకి వాడే ఆమ్లోడిపిన్ బిళ్ల కూడా పాదాలను పొంగించగలదు. ఆవిడ ఏ బీపీ బిళ్ల వేసుకుంటున్నారో ముందు అది చూడండి. ఒకప్పుడు ఈ రకం హార్ట్ ఫెయిల్యూర్‌కు నీరు లాగే మాత్రలు తప్ప పెద్దగా ఇవ్వగలిగింది ఉండేది కాదు. షుగరు కోసం వచ్చిన ఎంపాగ్లిఫ్లోజిన్, డాపాగ్లిఫ్లోజిన్ మందులు ఈ పేషెంట్లకు కూడా ఉపయోగపడతాయని 2021, 2022 సంవత్సరాల్లో వచ్చిన పెద్ద పరిశోధనలు చూపించాయి. ఆవిడకు షుగరు కూడా ఉంది కాబట్టి కార్డియాలజిస్టుతో ఈ మాట ప్రస్తావించడం తప్పు కాదు.

అంకె మెప్పించి మోసం చేసే సందర్భం ఇంకొకటుంది: మిట్రల్ కవాటం బాగా కారుతున్నప్పుడు. జఠరిక ముడుచుకోగానే కొంత రక్తం ముందుకు కాక వెనక్కి, కర్ణికలోకి పోతుంది. అదీ బయటికి వెళ్లినట్టే లెక్కలో పడుతుంది. అందుకే అలాంటివాళ్లలో ఫ్రాక్షన్ 60కి దిగిందంటేనే సర్జన్లు ఆలోచనలో పడతారు, మామూలు మనిషిలో అది చక్కని అంకె అయినప్పటికీ.

ఇప్పుడు నాన్నగారి విషయం. గుండెపోటు వచ్చిన మర్నాడు తీసిన అంకెను శాశ్వతంగా భావించకూడదన్నది ముఖ్యం. రక్తం అందక కొంత కండరం చనిపోతుంది, అది మచ్చగా మిగులుతుంది. కానీ దాని చుట్టూ ఉన్న కండరం చావకుండా, దిమ్మెరపోయినట్టు కదలడం మానేస్తుంది. స్టెంటుతో రక్తం తిరిగి అందాక, రోజులో వారాలో గడిస్తే అది తేరుకుంటుంది. ఏ భాగం మచ్చ, ఏ భాగం దిమ్మెరపోయినది అన్నది మర్నాటి ఎకోలో తెలియదు. ఛాతీలో అమర్చే ఐ.సి.డి. అనే పరికరం, అంటే గుండె లయ ప్రాణాంతకంగా తప్పినప్పుడు షాక్ ఇచ్చి సరిచేసే యంత్రం, అవసరమా కాదా తేల్చడానికి 35 శాతాన్ని గీటురాయిగా పెట్టుకున్నా, గుండెపోటు వచ్చి కనీసం 40 రోజులు, స్టెంట్ వేసి 90 రోజులు గడిచాక, సరైన మందుల మీద ఉండగా తీసిన ఎకోనే చూస్తారు. బహుశా మూడు నెలలకు రమ్మని చెప్పడంలో ఆంతర్యం అదే. ఆ గీత దగ్గర ఉన్నవాళ్లకు 33కీ 37కీ మధ్య తేడా నిజంగానే పెద్ద నిర్ణయం అవుతుంది, అవసరమైతే కార్డియాక్ ఎం.ఆర్.ఐ. చేయిస్తారు. ఘనపరిమాణం కొలవడంలో ఎకోకంటే అది కచ్చితమైనది, పైగా మచ్చ ఎంత మేర ఉందో కూడా చూపిస్తుంది. సింప్సన్స్ పద్ధతిలో 39 వచ్చిన మీ నాన్నగారు ఆ గీతకు ఎగువనే ఉన్నారు.

అయితే 39 అంటే 40 లోపు. మందుల విషయంలో ఆ గీతకు అర్థం ఉంది. 40 గాని అంతకంటే తక్కువ గాని ఉన్నప్పుడు నాలుగు తరగతుల మందులు ఆయుష్షును పెంచుతాయని గట్టి ఆధారాలున్నాయి: బీటా బ్లాకర్లు (మెటోప్రొలాల్ వంటివి), రామిప్రిల్ వంటివి లేదా వాటి స్థానంలో సాక్యుబిట్రిల్, వల్సార్టాన్ కలిసిన బిళ్ల, స్పైరనోలాక్టోన్ లేదా ఎప్లరినోన్, పైన చెప్పిన డాపాగ్లిఫ్లోజిన్ తరగతి. నల్లగొండ చెల్లెమ్మ చెప్పిన, పొటాషియం నిలిపి ఉంచే మందు బహుశా మూడో తరగతిది. మార్కెట్లో లో సోడియం ఉప్పు అని అమ్ముతున్నదానిలో కూడా సోడియం స్థానంలో పొటాషియమే ఉంటుంది, ఉప్పు తగ్గిస్తున్నామనుకుని దాన్ని కొనకండి. మోకాళ్ల నొప్పులకు సొంతంగా డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వాడటం కూడా ఇలాంటివాళ్లకు ప్రమాదమే, ఒంట్లో నీరు పట్టిస్తాయి. ఈ నాలుగు తరగతుల్లో నాన్నగారికి ఏవి ఇచ్చారు, ఏవి ఇవ్వలేదు, ఇవ్వకపోతే ఎందుకు అన్న ప్రశ్న, పంపింగ్ ఎందుకు తగ్గింది అన్న ప్రశ్నకంటే మీకు ఎక్కువ ఉపయోగపడుతుంది. ఆయాసం లేదన్నారు కాబట్టి నాలుగూ అవసరమా కాదా అన్నది చూసిన డాక్టరే తేల్చాలి.

అంకె పెరిగాక మందులు మానడం గురించి చెల్లెమ్మ రాసింది వాళ్లింటి దురదృష్టం మాత్రమే కాదు. లండన్‌లో సరిగ్గా ఇదే పరీక్షించి 2018లో ప్రచురించారు. గుండె సాగిపోయి, మందులతో పూర్తిగా కోలుకుని, ఏ లక్షణాలూ లేని 51 మందిని తీసుకుని, 25 మందికి మందులు క్రమంగా ఆపారు. ఆరు నెలల్లో వాళ్లలో 11 మందికి జబ్బు తిరగబెట్టింది. మందులు కొనసాగించినవాళ్లలో ఆ ఆరు నెలల్లో ఒక్కరికీ తిరగబెట్టలేదు. అది గుండెపోటు పేషెంట్ల మీద చేసింది కాదు, కాబట్టి నాన్నగారికి ఉన్నపళంగా అన్వయించలేము. కానీ మచ్చ ఉన్న గుండెకు మందుల ఆసరా ఇంకా ఎక్కువ కావాలే గాని తక్కువ కాదు.

మెట్ల విషయం: గుండెపోటు వచ్చి మూడు నెలలు దాటింది, ఆయాసం, ఛాతీ నొప్పి లేవు అంటున్నారు. మీ కార్డియాలజిస్టును ఒక్కసారి అడిగి, ట్రెడ్‌మిల్ పరీక్షో ఆరు నిమిషాల నడక పరీక్షో చేయించి, ఎంతవరకు శ్రమ పడవచ్చో రాయించుకోండి. భయంతో కదలకుండా కూర్చోవడంవల్ల కాళ్ల కండరాలు పలచబడి, చివరికి మెట్లెక్కితే నిజంగానే ఆయాసం వస్తుంది. అప్పుడు దాన్ని కూడా పంపింగ్ ఖాతాలోనే వేస్తారు.


ప్రశ్న అడిగినవారు: తెనాలి ఆడపడుచు

ముగ్గురికీ ఎంతో రుణపడి ఉన్నాను. నిన్న రాత్రి వీడియో కాల్‌లో ఎకో గది వారి సమాధానం నాన్నగారికి చదివి వినిపించాను. సూత్రం దగ్గరికి వచ్చేసరికి ఆగమని, క్యాలెండరు కాగితం వెనకవైపు పెన్సిలుతో తానే లెక్క వేశారు. కాలిక్యులేటరు ఇస్తానంటే వద్దన్నారు. 5.8 ఘనం 195.1 అని, దాన్ని 7తో హెచ్చవేసి 8.2తో భాగించి 166.6 అని, రెండోది 87.7 అని తెచ్చి, 47.4 అని కింద రెండు గీతలు గీశారు. ఆ తరవాత చాలాసేపు ఆ కాగితం చూస్తూ, "లెక్క కరెక్టే, దత్తాంశమే తప్పు" అన్నారు. మూడు నెలల్లో ఆయన గొంతు అంత తేటగా వినడం ఇదే మొదటిసారి.

చీటీ చూశాను. మెటోప్రొలాల్, రామిప్రిల్ ఉన్నాయి, స్పైరనోలాక్టోన్ లేదు, డాపాగ్లిఫ్లోజిన్ లేదు. రక్తం పలచబడే బిళ్లలు రెండు, కొలెస్టరాల్ బిళ్ల ఒకటి ఉన్నాయి. మేనత్త వాడుతున్నది ఆమ్లోడిపినే, 10 మిల్లీగ్రాములు. ఇద్దరినీ వచ్చే వారం తీసుకెళ్తున్నాను. నాన్నగారికి వెంటనే మళ్లీ ఎకో తీయమని అడగమంటారా?


సమాధానం: గోదావరి గట్టు డాక్టరు

వద్దు. మందుల్లో మార్పేదైనా చేస్తే, అది పనిచేయడానికి మూడు నెలలైనా వ్యవధి ఇచ్చి అప్పుడు తీయించండి. ఈలోగా కొత్తగా ఆయాసమో వాపో వస్తే సంగతి వేరు. స్పైరనోలాక్టోన్ మొదలుపెడితే మొదటి వారంలోనూ, నెలకూ పొటాషియం, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూడడం మరచిపోవద్దు. మేనత్తగారి ఆమ్లోడిపిన్ మీరే ఆపేయకండి, బీపీ ఎగిరిపోతుంది. మార్చడమో తగ్గించడమో డాక్టరు చేతుల్లో పెట్టండి. పాదాల వాపు ఆ బిళ్లవల్ల కావచ్చు గాని, నడిస్తే వచ్చే ఆయాసాన్ని దాని మీదికి నెట్టెయ్యలేము, ఆ రక్తపరీక్ష చేయించండి.


సమాధానం: ఎకో గది

సీడీ దొరక్కపోతే, మొదటి ఎకో తీసిన చోట పేషెంటు నంబరు చెప్పి అడగండి, చాలాచోట్ల బొమ్మలు మిషనులోనో సర్వరులోనో కొంతకాలం ఉంచుతారు. పెన్‌డ్రైవ్ మీరే తీసుకెళ్తే ఎక్కించి ఇస్తారు. తీసే ముందు పద్ధతి ఏమిటని అడిగితే నొచ్చుకునే టెక్నీషియన్లు ఉంటారు, పట్టించుకోకండి. సింప్సన్స్‌లో తీయండి అని మెల్లగా చెప్పండి. పరగడుపున రానక్కరలేదు, మాస్టారిని టిఫిను తిని రమ్మనండి.